పరదాలో ఒక తునక తక్కువ

కుళ్ళాయప్పకు బుర్ర లేదని నాకు ముందే తెలుసు. తెలిసీ నా లేసు తునకను తీసుకెళ్ళి అతని చేతిలో పెట్టాను. తప్పు ఎవరిదో మీరే చెప్పండి.

తనకల్లు బస్టాండు పక్కన పటాలు కట్టే అంగడి అతనిది. మా ఊళ్ళో అద్దం వెనక్కి చేరేది దేవుళ్ళు, లేకపోతే పోయినవాళ్ళు. మూడో రకాన్ని అతను చూసినట్టు లేదు. నేనిచ్చింది అరచేతంత తెల్ల లేసు, జాజిపూల అల్లిక. నల్ల గుడ్డ మీద కుట్టి, అద్దం వేసి కట్టమని విడమరిచి చెప్పాను. చెప్పినట్టే కట్టాడు. కట్టి, దానికి చెక్కపొట్టు దండ వేశాడు. పైన ఎర్ర బల్బు కూడా బిగించాడు.

"దండ ఏంటికి వేసినావప్పా?" అన్నాను.

"అందరికీ వేసేదే గదక్కా. దండకు వేరే దుడ్లు అడగన్లే." తర్వాత గొంతు తగ్గించాడు. "కింద పేరు రాయల్ల. ఎవరిది ఇది? ఎప్పుడు పోయినారు?"

"అల్లింది నేను. నేనింకా పోలేదు."

అతను నన్ను కిందికీ పైకీ చూశాడు. "సరే, తేదీకి జాగా వదిలిపెడతాలేక్కా" అన్నాడు.

తమాషాకు అన్నాడో నిజంగానే అన్నాడో ఇప్పటికీ తెలియదు. దండ పీకి అతని బల్ల మీద పడేసి, బల్బు ఊడదీయించి, పటం చంకలో పెట్టుకుని దారంతా తిట్టుకుంటూ ఇంటికి వచ్చాను. గోడకు తగిలించి చూస్తే నాకు కూడా ఎవరో పోయినట్టే అనిపించింది.

నా పేరు మేరాజ్ బీ. లేసు అల్లడం నా చేతి పని. ఒక క్రోషా సూది, ఒక దారపుండ, అంతే సరంజామా. దిండు గలీబులకు అంచులు అల్లాను, టీవీల మీద గుడ్డలు అల్లాను, నీళ్ళ జగ్గుల మీదికి మూతగుడ్డలు అల్లాను, నమాజు టోపీలు అల్లాను. ఎవరు ఏది అడిగినా ముందు అరచేతంత మచ్చు అల్లి చూపించేదాన్ని. వాళ్ళు సరే అంటేనే అసలుది మొదలు. అసలుది వాళ్ళ ఇంటికి పోయేది, మచ్చు నా బిస్కెట్ల డబ్బాలో పడేది. మా ఆయన అల్లాబకాష్ టైలరు. "ఊరందరికీ గుడ్డలు, నీకు తునకలు" అని నవ్వేవాడు. మాకు పిల్లలు లేరు. ఆయన పోయాక ఇంట్లో డబ్బా మిగిలింది, నేను మిగిలాను.

ఆ తర్వాత మిషను లేసు వచ్చింది. చుట్టలు చుట్టలుగా మా ఎదురుగా ఉన్న ఆదిలక్ష్మి ఫ్యాన్సీ అంగడి ముందరే వేలాడుతుంటుంది. ఆమె శెట్ల ఇంటి కోడలు, నాకంటే చిన్నది, ఈ సందుకు కాపురానికి వచ్చిన నాటి నుంచి నాకు స్నేహితురాలు. "నా పొట్ట కొట్టి నీ పొట్ట నింపుకుంటాండావు" అని నేనంటే, "ఒక మీటరు ఇస్తా, పొట్టకు చుట్టుకోక్కా" అనేది. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. మిషను లేసు గురించి ఆమె మీద నాకు ఏ రోజూ కోపం లేదు. కోపం వేరే దానికి.

పోయిన ఎండాకాలం, తెల్లవారి గాలి కోసం వాకిలి తెరిచి, నమాజుకు కాళ్ళూ చేతులూ కడిగి వజూ చేసుకుని వస్తూ స్నానాలగది గడప దగ్గర జారిపడ్డాను. నడుము పట్టేసింది. లేవలేను, పక్కకు తిరగలేను. ఫోను మంచం మీద ఉంది. వాకిలి తెరిచే ఉంది గానీ పరదా దించి ఉంది. ఆ పరదా ఆకుపచ్చది, రెండు పొరలుగా అల్లాబకాష్ కుట్టింది. మా ఎండకు కూడా అది లొంగదు. పరదా దించిన ఇంట్లోకి బయటివాళ్ళు తొంగి చూడరు. గడప బయట నిలబడి పిలుస్తారు, లోపలి నుంచి "రా" అంటే వస్తారు. ఈ సందులో నడక నేర్చిన పిల్లలకు కూడా అది తెలుసు.

పాల బండి పోయింది. స్కూలు పిల్లలు పోయారు. పొద్దెక్కాక చెప్పుల చప్పుడు ఒకటి మా గడప దగ్గర ఆగింది.

"మేరాజక్కా" అని ఆదిలక్ష్మి పిలిచింది.

నోరు పిడచకట్టి ఉంది. గాలి వచ్చింది గానీ మాట రాలేదు. పరదా కింద ఆమె పాదాలు కనిపిస్తున్నాయి, వేళ్ళకు మెట్టెలతో సహా. "మేరాజక్కా" అని మళ్ళీ పిలిచింది. ఎత్తు, ఎత్తు అని నేను లోపల్లోపల అరుస్తూనే ఉన్నాను. పాదాలు కాసేపు అక్కడే ఉన్నాయి. తర్వాత వెనక్కి తిరిగి పోయాయి.

సాయంత్రం మసీదులో బాంగుకు కొంచెం ముందు నీళ్ళ క్యాన్లు వేసే ఓబిలేష్ వచ్చాడు. మీసం నెరిసిన మనిషి, మాటలు తక్కువ. క్యాను లోపల పెట్టడం అతని పని కాబట్టి పరదా ఎత్తాడు. ఈ నేలలో బోర్లు ఎండిపోయి నీళ్ళు కొనుక్కోవలసి రావడం వల్ల నేను బతికాను. వానలు పడి ఉంటే పోయేదాన్ని.

నడుముకు కట్టు కట్టించుకుని మంచంలో ఉన్నప్పుడు ఆదిలక్ష్మి రాగిజావ తెచ్చింది. ఏడ్చింది. "నమాజులో ఉన్యావనుకుంటినక్కా. పరదా దించిన ఇంట్లోకి ఎట్లా తలదూర్చేది?" అంది.

"పెట్టి పో" అన్నాను.

మరుసటి రోజు కూడా తెచ్చింది, అప్పుడూ అంతే అన్నాను. ఆ మరుసటి రోజు బయట నుంచి పిలిస్తే పలకలేదు. పలకకపోతే ఇప్పుడైనా ఎత్తుతుందేమో చూద్దామనుకున్నాను. ఆమె ఎత్తలేదు. జావ గిన్నె గడప మీద పెట్టి పోయింది. ఆ తర్వాత రావడం మానేసింది.

ఆమె తప్పు లేదని నాకు తెలుసు. ఆమె చేసింది మర్యాద. ఆ మర్యాదకే నేను చచ్చేదాన్ని. అది తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. మంట చల్లారాక భయం వేస్తుంది. ఇంకొకసారి పడితే, అది క్యాను వచ్చే రోజు కాకపోతే ఎట్లా? ఈ ఇంట్లోకి మనుషులు వస్తూ పోతూ ఉండాలి. అయితే ఒంటరిగా ఉంది, రండి అని అడగడానికి నాకు నోరు రాదు. ఎవరి దగ్గరా చెయ్యి చాపని దాన్ని. చూడటానికి ఇంట్లో ఏదైనా ఉంటే వాళ్ళే వస్తారనుకున్నాను. నా దగ్గర ఉన్నవి తునకలు. అందుకే ఆ పటం వేషం.

పటం పని చెయ్యలేదు. కరివేపాకు కోసం వచ్చిన వెనక సందు నాజ్‌నీన్ దాన్ని చూసి, ఎవరు పోయారని అడగలేక, గొంతు చిన్నది చేసుకుని మాట్లాడి తొందరగా వెళ్ళిపోయింది.

తర్వాత దీపం చేశాను. పెద్ద చామంతి తునకను చిక్కటి గంజిలో ముంచి, చెంబు మీద బోర్లించి ఎండలో పెట్టాను. మా ఎండ సంగతి తెలిసిందే, అరగంటకు చెంబు తీసేసినా చెంబు ఆకారంలోనే బిర్రుగా నిలబడింది. దాన్ని బల్బుకు తొడిగాను. చీకటి పడ్డాక స్విచ్చి వేస్తే గోడల నిండా చామంతులు పూశాయి. పైకప్పు మీద, మంచం మీద, నా చీర మీద, ముడతలు పడ్డ నా చేతుల మీద. నేనే అల్లానా ఇది అనిపించింది. బాగుంది కదా అని చెప్పడానికి పక్కకు తిరిగాను. పక్కన నీళ్ళ క్యాను ఉంది. క్యానుకే చెప్పాను.

ఆ తర్వాత పాత గాజులు బయటికి తీశాను. చిన్న చిన్న తునకలను ఒక్కో గాజు మధ్యలో బిగించి కట్టి, గాజులన్నీ దారానికి గుచ్చి కిటికీకి వేలాడదీశాను. గాలికి గలగలమంటూ తిరుగుతుంటే చూడ ముచ్చటగా ఉంది. కానీ ఆ కిటికీ పెరటి వైపు. అక్కడికి మేకలు మేపే నారాయణ మంద తప్ప ఎవరూ రారు. ఒక మేక ముందరి కాళ్ళు గోడకు ఆనించి, కిందికి వేలాడుతున్న తునకను కొంచెం నమిలి చూసింది. గంజి రుచి నచ్చినట్టుంది. నా లేసును మెచ్చుకున్న మొదటి ప్రాణి అదే.

ఆ మేకను అదిలించి లోపలికి వచ్చి మంచం మీద కూర్చున్నాక గానీ నాకు తట్టలేదు. పటం గోడకుంది, దీపం దూలానికి ఉంది, గాజులు కిటికీకి ఉన్నాయి. వాటన్నిటికీ ముందు వాకిట్లో ఆకుపచ్చ పరదా ఉంది. ఇంక ఎవరు చూస్తారు, ఏం చూస్తారు? కుళ్ళాయప్పకు బుర్ర లేదని ఎగతాళి చేసింది ఈ మనిషే.

ఆ రోజే పరదా ఊడదీశాను. దులిపి, మడిచి, పెట్టెలో పెడుతూ అల్లాబకాష్‌తో గట్టిగానే మాట్లాడాను. "నువ్వు పోతూ పోతూ నన్ను దీని ఎనక పెట్టి పోయినావు. నువ్వున్నప్పుడు బాగానే ఉండింది. ఇప్పుడు ఊపిరాడ్తలేదు."

డబ్బాలోని తునకలన్నీ కుంకుడు రసంలో నానబెట్టి, పిండి, నీడన ఆరవేశాను. పసుపు మరక కొన్నిటికి పోలేదు, పోకపోతే పోయింది. మంచం మీద దుప్పటి పరిచి, వాకిలి కొలతకు వాటిని పేర్చాను. టీచరమ్మ టేబులు గుడ్డ కోసం అల్లిన ద్రాక్షగుత్తి, పుట్టపర్తి లాడ్జి వాళ్ళ కిటికీ తెరల కోసం అల్లిన తామర, పురిటిబిడ్డ తల కుల్లా కోసం అల్లిన చిన్న చుక్క. అసలువి ఎక్కడెక్కడ చినిగిపోయాయో, ఎవరు మసిగుడ్డలు చేసుకున్నారో తెలియదు. తునకకూ తునకకూ మధ్య గొలుసు అల్లిక వేసి కలుపుకుంటూ పోయాను. చేతులు పనిలో పడితే ఇంట్లో ఎవరూ లేరన్న సంగతి కాసేపు గుర్తురాదు. సూది కింద పెట్టగానే గుర్తొస్తుంది.

నడిమధ్యలో పెట్టడానికి చిలకల జంట తీశాను. నా డబ్బాలో పడిన మొట్టమొదటి మచ్చు అదే. కొత్త కోడలుగా వచ్చిన ఆదిలక్ష్మి దిండు గలీబుల కోసం అడిగింది. అప్పుడు పిలిచి, నేను "రా" అన్నాక కూడా గడప దగ్గరే నిలబడి, "రావచ్చా అక్కా" అని మళ్ళీ అడిగిన పిల్ల. చిలకల్ని వాటి జాగాలో పెట్టి తలెత్తాను. వాకిట్లో పరదా లేదు కదా, ఎదురుగా ఆమె కనిపించింది. ఎవరికో టేపుతో మిషను లేసు కొలుస్తోంది. ఇటు చూడలేదు. పరదా కింద నుంచి వెనక్కి తిరిగిపోయిన పాదాలు కళ్ళ ముందుకు వచ్చాయి. చిలకల్ని తీసి మళ్ళీ డబ్బాలో వేసి మూత బిగించాను.

ఆ జాగాలో వేరే తునకలు పెట్టి చూశాను. ఒకటి చిన్నదైతే ఒకటి పెద్దది. విసుగొచ్చి, ఖాళీ చుట్టూ గట్టిగా అంచు అల్లి, అట్లాగే వదిలేశాను. పరదా మధ్యలో అరచేతంత కిటికీ మాదిరి మిగిలింది.

కొత్త పరదా కట్టాక సందులో నడక నెమ్మదించింది. ఆగి చూసేవాళ్ళు, పూలలోకి వేలు పెట్టి చూసేవాళ్ళు. నాజ్‌నీన్ వచ్చి మొహం అదోలా పెట్టింది.

"ఇది పరదానా ఖాలా? లోపలంతా కనపడుతాండాది."

"కనపడల్లనే వేసినా."

ఓబిలేష్ క్యాను దించి, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, "దోమలు రావా మేరాజమ్మా?" అన్నాడు.

"వస్తే రానీప్పా. అవన్నా వస్తాయి."

కుళ్ళాయప్ప కూడా బండి ఆపాడు. హ్యాండిల్ పట్టుకుని చాలాసేపు చూశాడు. "దీనికి పటం కట్టల్లంటే గోడంత అద్దం కావల్లక్కా" అన్నాడు. ఈసారి తేదీ అడగలేదు. అతని మీద నా కోపం కొంచెం తగ్గింది.

అందరూ బాగుందన్నారు. బయటే నిలబడి అన్నారు, పోయారు. బాగుందని చెప్పడానికి లోపలికి రావలసిన పని లేదని నాకు అప్పుడు అర్థమైంది. ఇంతకు ముందు ఎవరికీ కనపడకుండా ఒంటరిగా ఉన్నాను, ఇప్పుడు అందరికీ కనపడుతూ ఒంటరిగా ఉన్నాను. ఇది ఇంకొంచెం ఎక్కువ బాధగా ఉంది. మధ్యాహ్నాలు మంచం మీద పడుకుని లేసులోంచి సందును చూసేదాన్ని. చెనక్కాయ పంట దెబ్బతిన్న ఏడాది అది, కొనేవాళ్ళు లేరు, ఆదిలక్ష్మికి కూడా బేరాలు లేవు. గల్లాపెట్టె దగ్గర స్టూలు మీద కూర్చుని, మెడ వంచి, ఇటే చూస్తున్నట్టు ఉండేది. నేను కదిలితే చూపు తిప్పుకునేది. మిషను లేసు అమ్ముకునేదానికి చేతి లేసు మీద కుళ్ళు అనుకున్నాను. అట్లా అనుకుంటే నాకు కొంచెం హాయిగా ఉండేది.

ఒకరోజు ఎండ మరీ దారుణంగా కాసింది. రాత్రంతా ఉక్కపోతకు నిద్ర లేదు. పొద్దున్నే కాస్త గంజి తాగి మంచం మీద నడుము వాల్చాను. ఒళ్ళు తెలియని నిద్ర పట్టింది. ఎంతసేపు పడుకున్నానో తెలియదు. ముక్కు కింద ఏదో తగిలి కళ్ళు తెరిచాను.

ఆదిలక్ష్మి నా మీదికి వంగి ఉంది. ఆమె వేలు నా ముక్కు దగ్గర ఉంది, ఊపిరి ఉందో లేదో చూస్తోంది.

"ఏమి?" అన్నాను.

ఆమె అదిరిపడి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, మంచం పట్టె మీద కూలబడింది. నేను లేచి కూర్చుని ఆమె కాళ్ళ వైపు చూశాను.

"చెప్పులతో లోపలికి వచ్చినావే."

"విడిచేంత తెలివి యాడుండింది నాకు."

"పిలవను కూడా లేదు."

"ఆ పొద్దు పిలిచినా గదక్కా" అంది ఆదిలక్ష్మి. "పిలిచి, నువ్వు పలకలేదని మర్యాదగా ఎనక్కి పోతి. అప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. నువ్వు తిట్టినా, కొట్టినా సరే. ఇంక నేను పిలవను, వస్తా."

నేను లేచి గ్లాసులో నీళ్ళు పోసి ఇచ్చాను. గటగటా తాగింది. తాగుతూ ఇల్లంతా చూసింది, పటాన్ని, దీపాన్ని, కిటికీకి వేలాడే గాజుల్ని. ఇవన్నీ ఎప్పుడు చేసినావు అని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. పరదా వైపు చెయ్యి చూపించింది.

"నడిమధ్యన ఒక తునక తక్కువ ఉండాది."

"ఉండాది. అది నీది."

డబ్బా తెచ్చి చిలకల జంటను ఆమె ఒళ్ళో వేశాను. ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసింది. "ఆ గలీబులు ఎప్పుడో చినిగిపాయె. ఇదింకా ఉండాదా" అంది. నేను సూదికి దారం ఎక్కించుకుని ఆమె చేతిలోంచి తునకను తీసుకోబోయాను. ఇప్పుడే కుట్టేసి ఈ కోపాన్ని ఇంతటితో ముగిద్దామని నా ఆలోచన. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"కుట్టొద్దక్కా."

"ఏంటికి?"

"నా అంగట్లో కూర్చుని చూస్తే పూలే కనపడతాయి, నువ్వు కనపడవు. నడిమధ్యన ఆ ఖాళీ జాగాలోంచి ఒక్కటే నీ కాళ్ళు కనపడేది. అందుకే స్టూలు కూడా ఆ పక్కకు జరుపుకుంటి. పొద్దున నీ కాళ్ళు కదిల్తే నేను టిఫిను తింటా. మధ్యాహ్నం కదిల్తే అన్నం తింటా. ఈ పొద్దు అన్నం పొద్దు దాటినా కదల్లేదు."

నేను కోపంతో వదిలేసిన జాగా అది. ఆమె నన్ను కాచుకుంటున్నది దాంట్లోంచే. ఆమె ముందర ఏడవకూడదని ఇన్నాళ్ళు బిగపట్టుకుని ఉన్నాను. ఏడ్చాను. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి, "ఏమన్నా తిన్యావా, లేదా?" అని అడిగింది. పొద్దున తాగిన గంజి తప్ప లేదన్నాను. వెళ్ళి తన క్యారియరు తెచ్చింది. వచ్చేటప్పుడు మళ్ళీ పిలవలేదు.

చిలకల జంటను ఆమె తీసుకుపోయింది. గల్లాపెట్టె మీద అద్దం కింద పెట్టుకుంది. మీటరు ఎంత అని బేరం అడిగేవాళ్ళకు, అది అమ్మేది కాదని చెబుతుందట.

ఆదివారం అంగడి మూసి పుట్టింటి ఊరికి పోతుంది. ఆ రోజు నా కాళ్ళు ఎవరికీ అక్కర్లేదు, ఆ రోజు చాలా పొడుగ్గా ఉంటుంది. మిగతా రోజుల్లో మధ్యాహ్నం పడుకునేటప్పుడు కాళ్ళు వాకిలి వైపు పెట్టుకుంటున్నాను. ఆమె అన్నం చల్లారకూడదని, నిద్ర పట్టకపోయినా మధ్య మధ్యలో ఒక కాలు కదుపుతుంటాను.

బాగా దిగులుగా ఉన్న రోజు మాత్రం కావాలనే కదపను.